గాయం కాలికి, బిగింపు దవడకు

కాల్లో ముల్లు విరిగినా, కత్తిపీట వేలు కోసినా, పిల్లవాడు ఆటలో పడి మోకాలు చెక్కుకుని వచ్చినా మన ఇళ్ళల్లో పెద్దవాళ్ళ నోట వచ్చే మొదటి ప్రశ్న ఒకటే: "టి.టి. చేయించారా?" అని. ఆ రెండక్షరాలు మనకి ఎంత అలవాటైపోయాయంటే, అవి వేటికి పొట్టి పేరో, ఆ సూదిమందు మన గడపదాకా రావడానికి ఎంతమంది ఎన్నేళ్ళు పాటుపడ్డారో ఆలోచించే తీరిక మనకి ఉండదు. సోదరీమణులారా, ఈ వారం ఆ కథే మీకు చెప్పాలని నా ఆశ. కథే గదా అని తేలిగ్గా తీసుకోకండి. ఇందులో చంటిబిడ్డల ప్రాణాలున్నాయి, యుద్ధాలున్నాయి, చేయని తప్పుకి నింద మోసిన ఒక పెద్దమనిషి ఉన్నాడు.

జబ్బు పేరు ధనుర్వాతం. ధనుస్సు అంటే విల్లు. రోగి వీపు వెనక్కి వంగిపోయి, తల, మడమలు మాత్రమే పక్కకి ఆని, మధ్యలో ఒళ్ళంతా విల్లులా లేచిపోతుంది గనక ఆ పేరు వచ్చింది. సుశ్రుతసంహితలో దీన్నే ధనుస్తంభం అన్నారు. గ్రీకులు వాళ్ళ భాషలో సాగదీయడం, బిగలాగడం అనే అర్థం వచ్చే మాట నుంచి టెటనస్ అని పేరు పెట్టుకున్నారు. లంగరు కింద చూపుడువేలు నలిగిన ఒక ఓడ నాయకుడు దవడలు బిగుసుకుని చనిపోయిన వైనం హిప్పోక్రటీసు పేరిట ఉన్న గ్రంథాలలో ఉంది. అంటే అక్కడా ఇక్కడా కూడా వేల ఏళ్ళ క్రితమే వైద్యులు ఈ జబ్బుని కళ్ళారా చూశారు, ఉన్నదున్నట్టు రాశారు. కాని కారణం మాత్రం ఎవరికీ అంతుపట్టలేదు. 1809లో స్పెయిన్‌లోని కొరూనా యుద్ధంలో గాయపడిన సైనికులను చూసి చార్లెస్ బెల్ అనే వైద్యుడు ఒక బొమ్మ వేశాడు. విల్లులా వంగి ప్రాణం విడుస్తున్న సైనికుడి బొమ్మ అది. ఈనాటికీ వైద్య విద్యార్థులకి దాన్ని చూపిస్తారు. వైద్యుడు బొమ్మ వేయగలిగాడు గాని బతికించలేకపోయాడు. ఆనాటి పరిస్థితి అది.

ఈ జబ్బుకి బీదా గొప్పా తేడా లేదని చెప్పడానికి ఒక్క ఉదాహరణ చాలు. న్యూయార్కులో బ్రూక్లిన్ వంతెన అని ఒక ప్రసిద్ధమైన వంతెన ఉంది. దాన్ని ఊహించి, నక్షా గీసిన ఇంజనీరు జాన్ రోబ్లింగ్. 1869 జూన్‌లో వంతెన కట్టే చోటు కొలుస్తుండగా ఒడ్డుకొచ్చిన పడవ తగిలి ఆయన పాదం నలిగింది. కాలివేళ్ళు తీసేశారు. ఆ తర్వాత ఆయన వైద్యుల మాట వినక, గాయం మీద నీళ్ళు పోసుకునే సొంత వైద్యమే నమ్ముకున్నాడు. మూడున్నర వారాలకి, జూలై 22న ధనుర్వాతంతో పోయాడు. కొడుకు వాషింగ్టన్ పని అందుకున్నాడు, అతనూ నదీగర్భంలో పనిచేసి మంచానపడ్డాడు. అప్పుడు కోడలు ఎమిలీ లెక్కలు, లోహాల సంగతులు నేర్చుకుని, భర్త మాటలు పనివాళ్ళకి చేరవేస్తూ ఏళ్ళ తరబడి ఆ పని నడిపించింది. 1883లో వంతెన తెరిచినప్పుడు మొట్టమొదట దాన్ని దాటినది ఆవిడే. మామగారి కాలివేళ్ళ గాయం కోడలిని ఎక్కడికి చేర్చిందో చూడండి.

ఇంతకీ అసలు చిక్కు ప్రశ్న ఏమిటంటే, గాయం కాలికి అయితే దవడలు ఎందుకు బిగుసుకుపోవాలి? కాలి పుండు ఒక్కోసారి మానిపోయి కూడా ఉంటుంది. వారం పది రోజులు మనిషి మామూలుగా తిరుగుతాడు. ఒకరోజు పొద్దున నోరు తెరవబోతే తెరుచుకోదు. మెడ పట్టేస్తుంది. ముఖం బిగిసి, నవ్వుతున్నట్టే కనబడుతుంది గాని అది నవ్వు కాదు. తలుపు చప్పుడైనా, కళ్ళలో వెలుతురు పడినా ఒళ్ళంతా కొయ్యబారిపోతుంది. ఇంతా జరుగుతుంటే తెలివి మాత్రం నిక్షేపంగా ఉంటుంది. ప్రతి బాధా తెలుస్తూనే ఉంటుంది. ఊపిరి తీసే కండరాలు కూడా బిగిశాయా, ఇక ప్రాణానికే ముప్పు.

ఈ చిక్కు ముడి విప్పడం 1884లో మొదలైంది. ఇటలీలోని ట్యూరిన్‌లో కార్లే, రాటోనే అనే ఇద్దరు, ధనుర్వాతంతో చనిపోయిన మనిషి పుండు నుంచి తీసిన రసిని కుందేళ్ళకు ఎక్కించారు. కుందేళ్ళకి అదే జబ్బు వచ్చింది. అంటే ఇది చలిగాలి వల్లో, నరం తెగడం వల్లో వచ్చేది కాదు, ఒకరి నుంచి తీసి ఇంకొకరికి ఎక్కించగలిగేది అని తేలింది. అదే ఏడు జర్మనీలో గోటింజెన్ అనే ఊళ్ళో ఆర్థర్ నికొలాయర్ అనే యువకుడు వట్టి మట్టిని తీసుకుని జంతువుల చర్మం కింద పెట్టి చూశాడు. వాటికీ ధనుర్వాతం వచ్చింది! మనం నిత్యం తొక్కే మట్టిలోనే ఆ క్రిమి ఉందన్నమాట. పశువుల పేడ, గుర్రపు లద్దె పడిన నేలలో మరీ ఎక్కువ.

క్రిమి ఉందని తెలిసినా దాన్ని విడిగా పట్టుకోవడం ఎవరి తరమూ కాలేదు. వేరే క్రిములతో కలిసిపోయి ఉండేది. ఆ పని 1889లో బెర్లిన్‌లో కోచ్ గారి ప్రయోగశాలలో జరిగింది. చేసినది షిబసబురో కితసాతో, జపాను నుంచి చదువుకోవడానికి వచ్చిన వైద్యుడు. ఆయన చేసిన ఉపాయం వంటింటి మనుషులకి ఇట్టే అర్థమవుతుంది. ఈ క్రిమి కష్టకాలంలో తన చుట్టూ గట్టి పెంకు కట్టుకుని గింజలా మారిపోతుంది. ఎండకి ఎండదు, మామూలుగా నీళ్ళు మరిగిస్తే చావదు, ఏళ్ళ తరబడి మట్టిలో పడి ఉండగలదు. కితసాతో ఆ రసిని 80 డిగ్రీల వేడిలో ఉంచాడు. మిగతా క్రిములన్నీ చచ్చాయి, ఈ గింజలు మిగిలాయి. తర్వాత గాలి తగలకుండా వాటిని పెంచాడు. ఎందుకంటే ఈ క్రిమికి గాలి పడదు. గాలి ఆడని చోటే మొలకెత్తుతుంది. పైపైన గీసుకున్న దానికంటే లోతుగా దిగిన ముల్లు, మేకు ఎందుకు ప్రమాదమో ఇప్పుడు తెలిసింది గదా! పైన మూసుకుపోయిన సన్నని రంధ్రం, లోపల చచ్చిన కండ, కాస్త మట్టి ఉంటే చాలు, దానికి కావలసినవన్నీ అమరినట్టే. తుప్పు పట్టిన మేకు అని మనం భయపడతాం గాని తుప్పుకీ ఈ జబ్బుకీ చుట్టరికం లేదు. మేకుని అంటుకున్న మట్టికే ఉంది. తళతళలాడే కొత్త సూది అయినా, మట్టిలో పడి గుచ్చుకుంటే అంతే.

ఇంకో వింత కూడా బయటపడింది. క్రిమి గాయం దగ్గరే ఉండిపోతుంది, ఒళ్ళంతా పాకదు. పాకేది అది చేసే విషం. ప్రపంచంలో మనకి తెలిసిన మహా విషాలలో అదొకటి. కంటికి కనబడనంత రవ్వ చాలు మనిషిని చంపడానికి. మరి ఆ విషం ఎలా వెళుతుంది? 1903లో హాన్స్ మేయర్, రాన్సమ్ అనేవారు ప్రయోగాలు చేసి, అది నరాల వెంట పైకి ఎక్కి వెన్నుపాముకి చేరుతుందని చూపించారు. కండలో నరం చివర ఉన్న కొస దగ్గర లోపలికి దూరి, ఆ నరపు పోగులోంచే ఎగువకి ప్రయాణం చేస్తుంది. కొంత రక్తంలో కలిసి ఒళ్ళంతటా ఉన్న నరాల కొసలకి కూడా చేరుతుంది. దవడ నరాలు పొట్టివి, కాళ్ళ నరాలు పొడుగువి. పొట్టి దారిలో వెళ్ళిన విషం ముందు గమ్యం చేరుతుంది గనక గాయం ఎక్కడున్నా సాధారణంగా మొదట దవడే బిగుస్తుంది. ఈ ప్రయాణం పూర్తవడానికి మామూలుగా మూడు రోజుల నుంచి మూడు వారాలదాకా పడుతుంది. గాయానికీ జబ్బుకీ నడుమ ఆ ఎడం అందుకే.

వెన్నుపాము చేరాక విషం చేసే పని ఏమిటి? దీనికి మీకు కవ్వం తాడు గుర్తు చేస్తాను. మజ్జిగ చిలికేటప్పుడు కుడిచేత్తో తాడు లాగితే ఎడమచెయ్యి వదలాలి, ఎడమచెయ్యి లాగితే కుడిచెయ్యి వదలాలి. అప్పుడే కవ్వం తిరుగుతుంది. రెండు చేతులూ ఒక్కసారే బిగలాగితే? కవ్వం కదలదు, తాడు తెగుతుంది. మన ఒంట్లో కండరాలు కూడా జంటలు జంటలుగా ఉంటాయి. చెయ్యి ముడవాలంటే ముందు కండ బిగవాలి, వెనక కండ సడలాలి. బిగించు అని చెప్పే నరాలు వేరు, ఇక చాలు, వదులు అని చెప్పే నరాలు వేరు. ధనుర్వాత విషం ఆ 'వదులు' అనే నరాల నోరు నొక్కేస్తుంది. ఇక బిగించమనే మాట తప్ప ఇంకో మాట కండలకి వినబడదు. ఈ సంగతి ఇంగ్లండులో చార్లెస్ షెరింగ్టన్ 1905లో చూపించాడు. ఆయనకి తర్వాత 1932లో నోబెల్ బహుమతి వచ్చింది. ఆ నోరు నొక్కడం ఎలా జరుగుతుందో కూడా 1992లో ఇటలీలోని పాడువాలో మాంటెకుకో, స్కియావో, వారితో పనిచేసేవారు తేల్చారు. నరం తన సందేశాన్ని బుడగల్లాంటి చిన్న సంచుల్లో నింపి అవతలికి విడుస్తుంది. సంచీ నోరు విప్పడానికి సినాప్టోబ్రెవిన్ అనే మాంసకృత్తు కావాలి. ఈ విషం కత్తెరలాగా దాన్ని కత్తిరించేస్తుంది. సందేశం సంచీలోనే ఉండిపోతుంది. ఒకసారి నరానికి పట్టుకున్న విషాన్ని ఏ మందూ ఊడబెరకలేదు. నరం మళ్ళీ తేరుకుని కొత్త కొసలు వేసుకోవాలి, దానికి వారాలు పడుతుంది. బతికి బయటపడినవాళ్ళు అన్నాళ్ళు ఆసుపత్రిలో ఎందుకు ఉంటారంటే ఇందుకే.

ఊడబెరకలేకపోతే దారిలోనే ఆపలేమా? ఆ ఆలోచనే మనల్ని కాపాడింది. 1890 డిసెంబరులో బేరింగ్, కితసాతో కలిసి ఒక వ్యాసం ప్రచురించారు. కుందేలుకి కొద్దికొద్దిగా విషం అలవాటు చేస్తే దాని రక్తంలో విరుగుడు పుడుతుందని, ఆ రక్తంలోని తేటని ఎలుకకి ఎక్కిస్తే ఎలుక కూడా బతుకుతుందని అందులో చెప్పారు. వైద్యచరిత్రలో అదొక కొత్త తలుపు. ఇదే పద్ధతిని కంఠసర్పికి ఉపయోగించినందుకు బేరింగ్‌కి 1901లో వైద్యశాస్త్రపు మొట్టమొదటి నోబెల్ బహుమతి ఇచ్చారు. కితసాతోకి ఇవ్వలేదు. కాని కాలం ఆయనని మరిచిపోలేదు లెండి. 2024లో విడుదలైన జపాను వెయ్యి యెన్‌ల నోటు మీద ఉన్నది ఆయన ముఖమే.

ఆ తర్వాత గుర్రాల రక్తం నుంచి విరుగుడు తీయడం మొదలుపెట్టారు. 1914లో మొదటి ప్రపంచయుద్ధం వచ్చింది. ఎరువు దట్టంగా పడిన ఫ్రాన్సు, బెల్జియం పొలాల్లో సైనికులు గోతులు తవ్వుకుని పోరాడారు. మొదటి నెలల్లో గాయపడినవాళ్ళలో ధనుర్వాతం విపరీతంగా వచ్చింది. గాయమైన ప్రతివాడికీ గుర్రపు విరుగుడు ఇవ్వడం మొదలుపెట్టాక అది గబగబా తగ్గిపోయింది.

ఇక్కడ మన దేశంలో జరిగిన ఒక విషాదం చెప్పకుండా ముందుకు వెళ్ళలేను. 1896లో బొంబాయిలో ప్లేగు చెలరేగింది. వాల్డెమార్ హాఫ్కిన్ అనే శాస్త్రజ్ఞుడు, ఒడెస్సా నుంచి వచ్చిన యూదుడు, ప్లేగుకి టీకా తయారుచేసి 1897 జనవరిలో ముందుగా తనకే పొడిపించుకున్నాడు. ఆ టీకా లక్షలమందికి ఇచ్చారు. 1902 అక్టోబరు 30న పంజాబులో ముల్కోవాల్ అనే పల్లెలో 107 మందికి టీకాలు వేశారు. వారిలో ఒకే ఒక్క సీసా నుంచి మందు పుచ్చుకున్న 19 మందికి ధనుర్వాతం వచ్చి, 19 మందీ చనిపోయారు. మిగిలిన సీసాల వాళ్ళకి ఏమీ కాలేదు. ఆ 19 ఇళ్ళలో ఏడుపులు ఎలా ఉండి ఉంటాయో మీరే ఊహించుకోండి. జబ్బు రాకుండా వేసిన సూదే ప్రాణం తీసింది! విచారణ సంఘం తప్పు ప్రయోగశాలదే అంది. హాఫ్కిన్ ఉద్యోగం పోయింది. కాని ఆరోజు ఆ సీసా తెరుస్తుండగా పట్టకారు కింద నేల మీద పడిందని, దాన్ని సరిగ్గా శుద్ధి చేయకుండానే మళ్ళీ వాడారని సాక్ష్యంలో ఉంది. నేల మీద ఏముందో మనకి ఇప్పటికే తెలుసు గదా. సికింద్రాబాదులో దోమ కడుపులో మలేరియా గుట్టు కనిపెట్టిన రోనాల్డ్ రాస్, ఇంకా కొందరు శాస్త్రజ్ఞులు 1907లో పత్రికకెక్కి ఆయన పక్షాన వాదించాక గాని ఆయన నిర్దోషి అని ఒప్పుకోలేదు. 1925లో బొంబాయి ప్రయోగశాలకి హాఫ్కిన్ ఇన్‌స్టిట్యూట్ అని పేరు పెట్టారు. ఒక్క పట్టకారు నేల మీద పడడం ఎంతపని చేసిందో చూడండి. సూదికీ, కత్తెరకీ, బ్లేడుకీ శుభ్రత కావాలని మనం పట్టుబట్టడం చాదస్తం కాదు.

గుర్రపు విరుగుడు అప్పు తెచ్చుకున్న సొమ్ములాంటిది. కొద్ది వారాల్లో కరిగిపోతుంది. మన ఒళ్ళే సొంతంగా విరుగుడు చేసుకునే దారి చూపించినది ఫ్రాన్సులో గాస్టన్ రామోన్. ఫార్మలిన్ కలిపి వెచ్చగా ఉంచితే విషానికి చంపే గుణం పోయి, ఒంటికి పాఠం నేర్పే గుణం మిగులుతుందని 1920ల్లో ఆయన, ఆయనతో పనిచేసేవారు కనిపెట్టారు. అదే టాక్సాయిడ్. టెటనస్ టాక్సాయిడ్ అన్న రెండు మాటలకి పొట్టి పేరే మన టి.టి. రెండో ప్రపంచయుద్ధంలో అమెరికా సైన్యం మొత్తానికి ముందే ఇది ఇచ్చారు. అన్ని లక్షల గాయాలలో ధనుర్వాతం వచ్చింది 12 మందికే!

సైనికులని కాపాడుకున్నారు, బాగానే ఉంది. మరి పురిటిబిడ్డల సంగతి? అసలు ఈ జబ్బు ఎక్కువగా పొట్టన పెట్టుకున్నది యుద్ధభూమిలో కాదు, పురిటిగదిలో. బొడ్డు కోసిన కొడవలి, బ్లేడు శుభ్రంగా లేకపోయినా, కోసిన చోట పేడ, బూడిద, మట్టి అద్దినా క్రిమి అక్కడినుంచే దూరుతుంది. రెండు రోజులు చక్కగా పాలు తాగిన బిడ్డ ఆ తర్వాత నోరు తెరవలేక పాలు పట్టడు. ఒళ్ళు కొయ్యబారుతుంది. వారం పది రోజుల్లో అయిపోతుంది. గాలి సోకిందనో, దిష్టి తగిలిందనో ఏడ్చి ఊరుకునేవారు. ఇది మన దగ్గరే అనుకోకండి. స్కాట్లండుకి పడమర సముద్రంలో సెంట్ కిల్డా అనే దీవిలో దీన్ని ఎనిమిదోనాటి జబ్బు అనేవారు. ఒకప్పుడు అక్కడ పుట్టిన బిడ్డల్లో సగానికి పైగా ఇలాగే పోయేవారు. 1890ల్లో అక్కడి మతగురువు ఆంగస్ ఫిడ్స్ గ్లాస్గో వెళ్ళి శుభ్రమైన పురుడు ఎలా పొయ్యాలో నేర్చుకొచ్చి చేయించాక ఆ చావులు ఆగిపోయాయి.

శుభ్రతకి తోడు ఇంకో రక్షణ ఉంది. తల్లి ఒంట్లో పుట్టిన విరుగుడు మాయ దాటి కడుపులోని బిడ్డకి చేరుతుంది. గర్భవతులకు టాక్సాయిడ్ ఇస్తే బిడ్డలు బతుకుతారని న్యూగినీలో జరిపిన పరిశీలన 1961లో వెలువడింది. అయినా 1988లో ప్రపంచం మొత్తం మీద 7 లక్షల 87 వేలమంది పసికందులు ఈ జబ్బుతో పోయారని ప్రపంచ ఆరోగ్యసంస్థ అంచనా వేసింది. 2018 నాటికి ఆ అంచనా 25 వేలకి దిగింది. మన దేశంలో 1978లో టీకాల కార్యక్రమం మొదలై, 1985లో విస్తరించింది. జిల్లాలన్నిటా వెయ్యి కాన్పులకి ఒక్క కేసుకంటే తక్కువకి తెచ్చి, పసికందుల ధనుర్వాతాన్ని నిర్మూలించిన మొదటి రాష్ట్రంగా 2003లో లెక్కకెక్కినది మన ఆంధ్రప్రదేశ్. అప్పటికి తెలంగాణ కూడా అందులో భాగమే. 2015లో దేశమంతా ఆ మెట్టు ఎక్కింది. ఆ ఘనతలో ఎండనకా వాననకా పల్లెలు తిరిగిన ఏ.ఎన్.ఎం.లది, కొత్త పద్ధతి నేర్చుకున్న మంత్రసానులది, చెయ్యి చాపి సూది పొడిపించుకున్న తల్లులది పెద్ద భాగం. శుభ్రమైన చేతులు, శుభ్రమైన పక్క, కొత్త బ్లేడు, బొడ్డు కట్టడానికి శుభ్రమైన దారం, బొడ్డుకి ఏమీ పూయకపోవడం, ఈ అయిదూ ఆనాడు ఊరూరా నేర్పిన పాఠం.

ఇక మన రోజువారీ భయాల సంగతి. గాయమైతే మొదటి మందు నీళ్ళూ సబ్బూ. ధారగా నీళ్ళు పోసి మట్టి, నలుసు పోయేదాకా కడగాలి. కాఫీపొడి, సున్నం, పేడ, బూడిద గాయంలో నింపవద్దు. గాయం లోతుగా ఉన్నా, మట్టి పడినా డాక్టరుకి చూపించాలి. 24 గంటలు దాటితే సూది పనిచేయదని కొందరు మానేస్తారు. అది సరికాదు. ఎంత త్వరగా అయితే అంత మంచిది గాని, ఆలస్యమైందని మానకూడదు. ఇంకొందరు గీరుకున్నప్పుడల్లా, ఆరు నెలలకోసారి పొడిపించుకుంటారు. అదీ అక్కరలేదు. మొదటి మోతాదులన్నీ సరిగ్గా అయి ఉంటే, చిన్న శుభ్రమైన గాయానికి పదేళ్ళలోపు మళ్ళీ అవసరం ఉండదు. మట్టిగాయమైతే అయిదేళ్ళ లెక్క చూస్తారు. ఎప్పుడూ సరిగ్గా వేయించుకోనివారికి మట్టిగాయమైతే సూదితోపాటు తయారుగా ఉన్న విరుగుడు కూడా ఇవ్వవలసి వస్తుంది. ఎందుకంటే టాక్సాయిడ్ నేర్పే పాఠం ఒంటికి పట్టడానికి రోజులు పడుతుంది, విషం అంతదాకా ఆగదు. అందుకే టీకా తేదీలు ఒక కాగితం మీద రాసి ఇంట్లో పెట్టుకోండి. మరో మాట. ఈ జబ్బు ఒకసారి వచ్చి తగ్గినా మళ్ళీ రాదన్న భరోసా లేదు, కోలుకున్నవాళ్ళకీ టీకా తప్పదు.

ఇప్పుడు మన ఆరోగ్యకేంద్రాలలో టి.టి. బదులు టి.డి. ఇస్తున్నారు. దానిలో కంఠసర్పికి కూడా రక్షణ కలిసి ఉంది. పసివాళ్ళకి ఆరు, పది, పద్నాలుగు వారాల్లో వేసే పెంటావాలెంట్‌లోనూ, ఏడాదిన్నర ప్రాంతంలోనూ, అయిదారేళ్ళకూ వేసే డి.పి.టి.లోనూ ధనుర్వాతపు రక్షణ ఉంటుంది. పదేళ్ళకి, పదహారేళ్ళకి టి.డి. ఇస్తారు. గర్భవతికి గర్భం తెలియగానే ఒకటి, నాలుగు వారాల తర్వాత రెండోది. మూడేళ్ళలోపు మళ్ళీ గర్భమైతే ఒక్కటి చాలు. పిల్లల సంగతి, గర్భవతుల సంగతి గుర్తుంచుకుంటాం. మరిచిపోయేది ఎవరినంటే ఇంట్లో పెద్దవాళ్ళని. టీకాలు ఇంతగా లేని రోజుల్లో పుట్టి పెరిగిన అత్తగారు, మామగారు ఇప్పటికీ పెరట్లో గునపం పడతారు, పశువుల కొట్టం ఊడుస్తారు. వాళ్ళకి ఈ సూది అసలు పడిందో లేదో ఎవరైనా అడిగారా? వచ్చే వారం ఆరోగ్యకేంద్రానికి వెళితే ఆ మాట కూడా అడగండి.

మశూచిని భూమ్మీద లేకుండా చేశారు. ధనుర్వాతాన్ని అలా చేయలేం. మశూచి మనిషినే ఆశ్రయించి బతికింది, మనుషులందరినీ కాపాడితే దానికి చోటు లేకపోయింది. ధనుర్వాతపు గింజలు మట్టిలో ఉన్నాయి. మనం తులసి నాటే మట్టిలో, పిల్లలు గుజ్జనగూళ్ళు ఆడుకునే మట్టిలో ఉన్నాయి, ఉంటాయి. మట్టిని కడిగేయలేం, పిల్లల్ని ఆడుకోవద్దనలేం. చేయగలిగింది ఒక్కటే. పుట్టే ప్రతి బిడ్డకీ, మోసే ప్రతి తల్లికీ సమయానికి ఆ సూది పడేలా చూడడం. ఒక తరం ఏమరిస్తే ఆ గింజలు మొలకెత్తడానికి సిద్ధంగానే ఉంటాయి సుమా!